భూతకోల తేదీలు ముందే ఎలా తెలుస్తాయి?

మాది తిరుపతి. గంగమ్మ జాతర వేషాలు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టేమో, 2022లో ‘కాంతార’ చూసినప్పటి నుంచి పంజుర్లి, గుళిగ దైవాల కోల (కర్ణాటక తీరంలో దైవం వేషం కట్టి చేసే ఆరాధన, అదే భూతకోల) నేరుగా చూడాలని ఒకటే కోరిక. పోయిన ఆగస్టులో మంగళూరు వెళ్లి మూడు రోజులున్నాను. మే చివర్లో పత్తనాజె అనే తుళువాళ్ల పర్వదినంతో కోలలు ఆగిపోతాయని, మళ్లీ దీపావళి తర్వాతేనని అక్కడికెళ్లాకే తెలిసింది (నా తెలివి అలా ఉంది). లాడ్జిలో, ఆటోవాళ్లను అడిగితే ఏ ఊరి కోల ఆ ఊరివాళ్లకే తెలుస్తుందన్నారు. యూట్యూబ్‌లో అన్నీ అయిపోయినవాటి వీడియోలే. జనవరి రెండో వారంలో నాలుగు రోజులు సెలవుంది. కన్నడ కాస్త వచ్చు, తుళు రాదు. ఉడుపి, మంగళూరు వైపు బయటివాళ్లను రానిచ్చే కోల ఏ ఊళ్లో, ఏ రోజు జరుగుతుందో ముందుగా ఎవరిని అడిగితే తెలుస్తుంది?