‘సిన్స్’, ‘ఫర్’: ‘నుంచి’ దగ్గర వచ్చే చిక్కు

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. ‘రెండేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అన్న వాక్యాన్ని నేను ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అని రాస్తే, అందులో రెండు తప్పులున్నాయని చెప్పారు. కాలబిందువుకు ‘సిన్స్’, కాలవ్యవధికి ‘ఫర్’ అన్న సూత్రం నాకు తెలుసు. అయినా మాట్లాడేటప్పుడు ఏది బిందువో, ఏది వ్యవధో తేల్చుకునేలోపే తప్పు దొర్లిపోతోంది. తెలుగులోనే ఆలోచించి సరిచూసుకునే మార్గం ఏదైనా ఉందా?

జవాబు: మార్గం ఉందండీ. చిక్కంతా ‘నుంచి’ అనే మాట దగ్గర మొదలవుతుంది. ‘సోమవారం నుంచి’ అన్నప్పుడు అది పని ఎప్పుడు మొదలైందో చెబుతుంది. ‘మూడు రోజుల నుంచి’ అన్నప్పుడు ఆ పని ఎంతకాలంగా సాగుతోందో చెబుతుంది. మనకు రెండింటికీ ఒకే మాట సరిపోతుంది కనుక ఆంగ్లంలోనూ రెండుచోట్లా ‘సిన్స్’ వాడాలనిపిస్తుంది. ఈ ఇబ్బంది మనకు మాత్రమే పరిమితం కాదు. జర్మన్‌లో ‘జైట్’, ఫ్రెంచ్‌లో ‘దెప్వీ’ కూడా ఇలాగే రెండు పనులూ చేస్తాయి, అక్కడా క్రియ మన భాషలోలాగే వర్తమానంలో ఉంటుంది. అందుచేత ఆ భాషల నుంచి ఆంగ్లానికి వచ్చేవారు కూడా మీరు రాసినటువంటి వాక్యాలే రాస్తుంటారు.

అయితే తెలుగులో ‘నుంచి’తో పాటు ‘గా’ కూడా ఉంది, మనకు కావలసిన తేడాను అది చక్కగా పట్టిస్తుంది. ‘రెండేళ్ల నుంచి’ని ‘రెండేళ్లుగా’ అని మార్చవచ్చు. ‘మూడు రోజులుగా’, ‘చాలాకాలంగా’, ‘తరతరాలుగా’ అన్నవి కూడా సహజంగానే ఉంటాయి. కానీ ‘సోమవారం నుంచి’ని ‘సోమవారంగా’ అని ఎవరూ అనరు, ‘నిన్నటి నుంచి’ని ‘నిన్నగా’ అని మార్చలేము. ఎందుకంటే ఈ ‘గా’ వ్యవధి మీదనే నిలుస్తుంది, బిందువు మీద నిలవదు. కాబట్టి ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టి చూడండి. వాక్యం నిలిస్తే ‘ఫర్’, నిలవకపోతే ‘సిన్స్’. ‘సిన్స్’ ఎందుకు బిందువునే కోరుతుందో దాని పుట్టుక కూడా చెబుతుంది: ‘అది జరిగిన తరువాత’ అనే అర్థమున్న పాత ఆంగ్ల పదం కాలక్రమంలో కుదించుకుపోయి ‘సిన్స్’ అయింది. ఒక సంఘటన తరువాత అనగలం గాని, రెండేళ్లు అనే పొడవు తరువాత అంటే అర్థం మారిపోతుంది.

మీ వాక్యంలోని రెండవ తప్పు క్రియకు సంబంధించినది, నా దృష్టిలో ఇదే పెద్ద తప్పు. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి తెలుగు ‘పనిచేస్తున్నాను’ అనే వర్తమాన రూపంతో సరిపెట్టుకుంటుంది. ఆంగ్లం మాత్రం గతానికీ నేటికీ ఉన్న ముడిని క్రియలోనే చూపమంటుంది. అందువల్ల సరైన వాక్యం ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. ఇక్కడ కూడా తెలుగు ప్రత్యయాలే దారి చూపుతాయి. ‘రెండేళ్లుగా పనిచేస్తున్నాను’ అంటే పని ఇంకా సాగుతోంది. ‘రెండేళ్లపాటు పనిచేశాను’ అంటే ఆ పని ముగిసింది. రెండింటిలోనూ వ్యవధే ఉంది కనుక ఆంగ్లంలో రెండుచోట్లా ‘ఫర్’ వస్తుంది, కానీ ‘పాటు’ ఉన్న వాక్యం ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్’ అవుతుంది. ఎవరైనా ‘ఐ వర్క్‌డ్’ అన్నారంటే వినేవారు వారిప్పుడు అక్కడ లేరనే అనుకుంటారు. ఉద్యోగ దరఖాస్తులలో ఈ తేడా చాలా ముఖ్యం. రాబోయే కాలానికి కూడా ‘పాటు’ వస్తే ‘ఫర్’ వాడవచ్చు: ‘వారంపాటు ఉంటాను’ అంటే ‘ఐ విల్ స్టే ఫర్ ఎ వీక్’.

‘తెలుసు’ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘ఆయన నాకు పదేళ్లుగా తెలుసు’ అంటాం గాని అక్కడ ‘తున్నా’ చేర్చము. ఆంగ్లంలోనూ ఆ క్రియకు ‘ఇంగ్’ చేరదు: ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’. ‘ఈ పుస్తకం ఏడాదిగా నా దగ్గర ఉంది’ అన్నదీ అంతే, ‘ఐ హ్యావ్ హ్యాడ్ దిస్ బుక్ ఫర్ ఎ ఇయర్’. ఒకే మాట రెండుసార్లు వచ్చినట్లు కనిపించే ఆ ‘హ్యావ్ హ్యాడ్’ను చూసి జంకవలసిన పని లేదు.

మరొక సభ్యురాలు: ‘సిన్స్ లాస్ట్ టూ ఇయర్స్’ అని పత్రాలలో తరచూ చూస్తుంటాను. అది తప్పేనా? అలాగైతే ‘సిన్స్ లాస్ట్ ఇయర్’ ఎలా ఒప్పు అవుతుంది?

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. ‘గత రెండేళ్లుగా’ అనవచ్చు కనుక అది వ్యవధి; ‘ఫర్ ద లాస్ట్ టూ ఇయర్స్’ అనే రాయాలి. ‘గత ఏడాది నుంచి’ అన్నప్పుడు మాత్రం గత ఏడాది ఒక గుర్తుగా నిలుస్తోంది, ఆ సంవత్సరంలో ఎప్పుడో మొదలైందని భావం, కనుక ‘సిన్స్ లాస్ట్ ఇయర్’ సరైనదే. అదే ‘గత ఏడాది కాలంగా’ అంటే పన్నెండు నెలల పొడవును చెబుతున్నాం, అక్కడ ‘ఫర్ ద లాస్ట్ ఇయర్’ అవసరమవుతుంది. ఒక్క ‘ద’ ఉండడంలోనూ లేకపోవడంలోనూ ఇంత తేడా ఉంది. ‘రేపటి నుంచి’ అన్నచోట ఈ రెండూ పనికిరావు. ‘సిన్స్’ చూపు ఎప్పుడూ జరిగిపోయిన బిందువు మీదనే ఉంటుంది గనుక అక్కడ ‘ఫ్రమ్ టుమారో’ అనాలి. ‘రాత్రంతా’, ‘రోజంతా’ వంటి వాటికి ‘ఆల్ నైట్’, ‘ఆల్ డే’ చాలు, వాటి ముందు ‘ఫర్’ పెట్టకూడదు.

ప్రశ్న అడిగిన సభ్యులు: ‘గా’ పరీక్ష ఎంతో ఉపయోగపడింది, ధన్యవాదాలు. కానీ ‘అనాదిగా’ అన్న మాటలో ‘గా’ ఉంది, నిఘంటువులో మాత్రం ‘సిన్స్ టైమ్ ఇమ్మెమోరియల్’ అని కనిపించింది. ఇక్కడ పరీక్ష విఫలమైనట్లేనా?

జవాబు: బాగా పట్టుకున్నారు. ఇక్కడ ‘గా’ను మాత్రమే చూడకుండా దాని ముందున్న ‘ఆది’ని కూడా చూడాలి. ‘ఆది’ అంటే మొదలు. అది వచ్చిందంటే మనం పొడవును కొలవడం మాని ఆరంభాన్ని వెతుకుతున్నట్లు. ‘అనాది’ అన్నప్పుడు ఆ ఆరంభం దొరకదని చెబుతున్నాం, అంతే. కాబట్టి ఆంగ్లం దాన్ని బిందువుగానే తీసుకుని ‘సిన్స్’ వాడింది, ‘ఫ్రమ్ టైమ్ ఇమ్మెమోరియల్’ అన్నా ఒప్పే. సంఖ్యతోనో, ‘కాలం’, ‘రోజులు’, ‘ఏళ్లు’, ‘తరాలు’ వంటి కొలత మాటలతోనో ‘గా’ చేరినప్పుడు ఈ పరీక్షను నమ్మవచ్చు. ‘ఆది’, ‘మొదలు’ వంటి మాటలు కనిపిస్తే ‘సిన్స్’ వైపు చూడండి.