సీటుకు సరిపోతే నడుము లూజు, ఛాతీకి సరిపోతే భుజం జారుడు: స్కర్టులు, డ్రెస్సులు, స్వెటర్లు ఎలా ఎంచుకోవాలి?

గోరింట:

అందరికీ నమస్కారం. కొలతలు లేకుండా సలహా అడగడం దండగ కాబట్టి ముందే ఇచ్చేస్తున్నాను. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. చంకల కిందుగా ఛాతీ పైభాగం 36½, నిండు ఛాతీ 40, నడుము 31, సీటు, అంటే పిరుదుల దగ్గర చుట్టుకొలత, 44. అన్నీ అంగుళాల్లోనే.

చిక్కులు మూడు. సీటు దగ్గర పట్టే స్ట్రెయిట్ స్కర్టు తీసుకుంటే వెనక నడుము దగ్గర నాలుగు వేళ్లు దూరుతున్నాయి. సీటు దగ్గర కాస్త బిగుతుగా ఉన్నది తీసుకుంటే నాలుగడుగులు వేసేసరికి పైకి పాకి, నడుం పట్టీ కింద ముడతలు పడుతోంది. ఇక ర్యాప్ డ్రెస్సు (ముందు ఒక పొర మీద ఇంకో పొర వేసి కట్టుకునేది) ఛాతీ దగ్గర తెరుచుకుంటోంది, బొత్తాల డ్రెస్సయితే రెండు బొత్తాల మధ్య నోరు తెరుస్తోంది. మూడోది స్వెటర్: కింది రిబ్బు, అంటే సాగే గీతల అల్లిక పట్టీ, సరిగ్గా సీటు మీద కరుచుకుంటుంది, ముందు వైపు పైకి లేస్తుంది.

ఒళ్లు దాచే బట్టలు వద్దండి. ఉన్న ఒంపులు తీరుగా కనపడాలి. ఏది కొనాలి, ఏది ఆల్టర్ చేయించాలి, దేని జోలికి వెళ్లకూడదు?

టేపూకత్తెరా:

స్కర్టు సంగతి నేను చెప్తాను. మీ నడుముకీ సీటుకీ తేడా 13 అంగుళాలు. రెడీమేడ్ స్కర్టులు ఎక్కువగా 10 అంగుళాలకు అటూ ఇటూ తేడాతో కత్తిరిస్తారు. వేళ్లు దూరే ఆ సందంతా ఈ మూడంగుళాలదే. కాబట్టి ఎప్పుడూ పెద్ద కొలతకు కొనండి, చిన్న కొలత దగ్గర తగ్గించుకోండి. నడుము తగ్గించడం గంట పని. సీటు పెంచాలంటే కుట్టు లోపల మార్జిన్ ఉండాలి, రెడీమేడ్‌లో అది అర అంగుళం కూడా ఉండదు.

పైకి పాకడానికి కారణం నడుము కాదు, సీటు. చుట్టుకొలత చాలనప్పుడు బట్ట తనకు చోటు దొరికే సన్నటి భాగం వైపు జరుగుతుంది, అంటే నడుం వైపు. జరిగిన బట్టంతా పట్టీ కింద అడ్డముడతలుగా పోగవుతుంది. నిలబడి కొలిస్తే 44 వచ్చినా కుర్చీలో కూర్చుని మళ్లీ కొలవండి, చాలామందికి ఒకటి రెండు అంగుళాలు పెరుగుతుంది. సాగని బట్టకు ఆ కూర్చున్న కొలతే లెక్క. ట్రయల్ గదిలో చూసుకోవడానికి తేలిక పద్ధతి: సీటు బాగా నిండుగా ఉన్నచోట రెండు పక్క కుట్లనూ వేళ్లతో గిల్లి పట్టుకోండి. ఒక్కో వైపు అర అంగుళం మడత వేళ్ల మధ్యకి వస్తే మొత్తం రెండంగుళాల వదులు ఉన్నట్టు. గిల్లడానికి బట్టే దొరక్కపోతే ఆ స్కర్టు అక్కడే వదిలేయండి.

నడుము తగ్గించేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, మొత్తం పక్క కుట్లలోనే లాగేయడం. పక్క గీత ఒక్కసారిగా వంపు తిరిగి, తుంటి దగ్గర బట్ట చెవిలా బయటికి పొడుచుకొస్తుంది. మీకు తీయాల్సింది సుమారు రెండున్నర అంగుళాలు. దాన్ని పంచాలి. పట్టీ విప్పి, వెనక భాగంలో ఉన్న రెండు టక్కుల (బట్టను కొస సన్నబడేలా మడిచి వేసే కుట్లు) పక్కన మరో రెండు కొత్త టక్కులు, ఒక్కోదాంట్లో అర అంగుళం బట్ట పోయేలా వేయాలి. అక్కడికి ఒకటి. పక్క కుట్లలో ఒక్కో వైపు అర అంగుళం, అక్కడికి రెండు. మిగిలిన అర అంగుళం వెనక నడిమి కుట్టులో. జిప్పు ఆ కుట్టులోనే ఉంటే దాన్ని కదపకుండా, ఆ అర అంగుళాన్ని పాత టక్కుల్లోనే చెరి పావు కలపండి. ఒకే టక్కులో అంగుళం దాటి బట్ట మింగిస్తే కొసన బుడగ లేస్తుంది, ఎంత ఇస్త్రీ చేసినా అణగదు.

నడిమి వైపు టక్కు 5 నుంచి 5½ అంగుళాలు, పక్క వైపుది 4½ చాలు. కొస సీటు బాగా ఎత్తుగా ఉన్న చోటుకి అంగుళం పైనే ఆగాలి. కొస దగ్గర వెనక్కి కుట్టి గట్టిపరచకండి. చివరి మూడు నాలుగు కుట్లు మడత అంచు మీదే నడిపించి, దారం వదిలి చేత్తో ముడి వేయండి. తర్వాత చుట్టిన తువ్వాలు లాంటి గుండ్రటి దాని మీద పెట్టి ఆవిరి ఇస్త్రీ చేయండి, బల్ల మీద చదునుగా చేస్తే వంపు చచ్చిపోతుంది.

పట్టీ మాట కూడా. మీ నడుముకు నిటారు పట్టీ నప్పదు. కింది అంచు ఒంటిని తాకుతుంది, పై అంచు గాల్లో ఉంటుంది. వంపుగా కత్తిరించిన పట్టీ ఉన్నవి వెతకండి. పట్టీ లేకుండా లోపల అంచుపట్టీతో ముగించినవీ మీకు బాగుంటాయి.

కుచ్చిళ్లు:

పైవారు చెప్పిందంతా స్ట్రెయిట్ స్కర్టుకి. గోరింట గారూ, ఘేరు స్కర్టుల దగ్గర లెక్క వేరు, చాలామంది మోసపోయేది ఇక్కడే.

కుచ్చుల స్కర్టు అంటే నిండుగా ఉంటుందనుకుంటాం. నడుముకు ఒకటిన్నర రెట్లు బట్ట పెడితే 46½ అంగుళాలు. మీ సీటు 44. అంటే నడుం దగ్గర కుచ్చులన్నీ పోగై లావుగా, సీటు దగ్గరకొచ్చేసరికి ఒక్క కుచ్చూ మిగలక బిగుతుగా. రెండు చోట్లా నష్టమే. పల్చటి బట్టతో రెండు రెట్లు, అంటే 62 అంగుళాలు పెట్టాలి, లేదా కుచ్చుల జోలికే వెళ్లకూడదు.

మీకు నా ఓటు హాఫ్ సర్కిల్ స్కర్టుకే, అంటే బట్టను అర్ధవృత్తంగా కత్తిరించి కుట్టేది. నడుము 31 అయితే లోపలి వ్యాసార్థం 31ని 3.14తో భాగిస్తే వచ్చే 9⅞ అంగుళాలు. సీటు నడుముకు 8 అంగుళాల కింద ఉందనుకుంటే అక్కడ స్కర్టు చుట్టుకొలత 56 వస్తుంది, మీ సీటుకు పైన 12 అంగుళాల వదులు. నడుం దగ్గర ఒక్క మడత లేదు, కింద మాత్రం చక్కగా జారుతుంది. అదే క్వార్టర్ సర్కిల్ (పావు వృత్తం) అయితే ఆ 8 అంగుళాల దగ్గర 43½ మాత్రమే వస్తుంది. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి, ఒంటి మీద ఒకటి ఊగుతుంది, ఒకటి పట్టేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఇందులో కొంత భాగం నిలువు పోగు మీద, కొంత క్రాస్ మీద, అంటే పోగులకు ఏటవాలుగా, పడుతుంది. క్రాస్ భాగం తన బరువుకే సాగుతుంది. కుట్టాక ఒక రోజంతా హ్యాంగరుకు వేలాడదీసి, ఆ తర్వాతే కింది అంచు నేల నుంచి స్కేలుతో కొలిచి కత్తిరించాలి. తొందరపడి అదే రోజు అంచు మడిస్తే వారానికల్లా పక్కలు రెండూ కిందికి దిగుతాయి.

ప్లీట్ల స్కర్టు వేసుకోవాలనుంటే నడుం నుంచి ఐదారు అంగుళాల వరకు ప్లీట్లు కుట్టేసినది తీసుకోండి. అలా కుట్టనివి సీటు మీద విచ్చుకుని విసనకర్రలా కనపడతాయి. పక్క జేబులు కూడా అంతే, తెరుచుకుంటాయి. జేబు నోరు కుట్టేసి, లోపలి సంచి కత్తిరించేయండి.

పొడవు: పిక్క బాగా లావుగా ఉన్నచోట అంచు ఆగకూడదు. మోకాలి చిప్ప కిందో, పిక్క దిగి సన్నబడే చోటో ఆగాలి. ఒక అంగుళం తేడాకే మొత్తం తీరు మారిపోతుంది.

గోరింట:

క్వార్టర్ సర్కిల్ లెక్క చూశాక చాలా విషయాలు అర్థమయ్యాయి, థాంక్సండి. ఇంకో అనుమానం, స్ట్రెయిట్ స్కర్టు సీటుకు సరిపోయినా వెనక అంచు ముందుకన్నా పైకి లేస్తోంది. అదెందుకు? అడ్డచారలు వేసుకోకూడదంటారు, అదీ నిజమేనా?

టేపూకత్తెరా:

వెనక సీటు ఎత్తు మీదుగా ఎక్కి దిగడానికి బట్టకు అదనపు పొడవు కావాలి. అది లేకపోతే కింది అంచు నుంచి లాక్కుంటుంది. నడుముకు దారం కట్టుకుని, అక్కడి నుంచి నేల వరకు ముందూ వెనకా ఒంటి వెంటే కొలిపించండి. వెనక అంగుళం ఎక్కువ వస్తే, కొత్తగా కుట్టించేటప్పుడు ఆ అంగుళం వెనక నడుము గీత దగ్గర పైన కలపాలి. రెడీమేడ్‌కి పైన కలపడానికి బట్టుండదు. కింద మడత ఒకటిన్నర అంగుళం ఉంటే వెనక ముప్పావు దించొచ్చు. లేదంటే ముందు వైపు కాస్త తగ్గించి అంచును నేలకు సమం చేయడమే.

చారల మాట పాత అపోహ. 1867లోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్, అడ్డగీతలతో నింపిన చతురస్రం పొడవుగా, సన్నగా కనపడుతుందని రాశాడు. 2011లో యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని మనుషుల బొమ్మల మీద చూసి, అడ్డచారలు లావుగా చూపిస్తాయన్న మాటకు ఆధారం లేదన్నారు. అసలు ఇబ్బంది చార వంగినప్పుడు. బట్ట ఛాతీ మీద, సీటు మీద బిగిస్తే తిన్నటి అడ్డచార విల్లులా వంగి, బిగుతు ఎక్కడుందో గీసి చూపిస్తుంది. వదులు సరిపోతే అడ్డచారలు నిశ్చింతగా వేసుకోండి.

చంకభాగం:

డ్రెస్సుల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను అందుకుంటాను. మీ ఛాతీ పైభాగానికీ నిండు ఛాతీకీ తేడా 3½. కుట్టుపని ప్యాటర్న్లు (కత్తిరించడానికి వాడే కాగితపు నమూనాలు) చాలావరకు 2 అంగుళాల తేడాకి, అంటే బ్రా సైజుల్లో బి కప్పుకి గీస్తారు. మీరు 40 సైజు తీసుకుంటే ఛాతీ సరిపోయి భుజాలు, మెడ లూజవడం అందుకే.

కుట్టించుకునేట్టయితే 38½ సైజు ప్యాటర్న్ తీసుకోండి, భుజం, చంక సరిపోతాయి. చాలని ఒకటిన్నర అంగుళాన్ని ముందు భాగంలో మాత్రమే, కుడి ఎడమ సగాల్లో చెరి ముప్పావు విడదీసి కలపాలి. వెనక ముట్టుకోకూడదు. రెడీమేడ్‌లో ప్రిన్సెస్ కట్ వెతకండి, భుజం నుంచో చంక నుంచో ఛాతీ మీదుగా నడుం దాకా నిలువు కుట్టు దిగేది. నడుం దగ్గర నాలుగు కుట్లలోనూ కొంచెం కొంచెం లోపలికి తీసుకోవచ్చు, ఎక్కడా ముడత రాదు.

ర్యాప్ డ్రెస్సు తెరుచుకోవడానికి రెండు కారణాలు. మెడ నుంచి ఏటవాలుగా దిగే అంచు క్రాస్ మీద ఉంటుంది, వేసుకున్న కొద్దీ సాగుతుంది. రెండోది, పై పొర అవతలి వైపు ఛాతీ మొనను దాటి వెళ్లకపోవడం. రెండోది కొనేటప్పుడే చూసుకోండి, ఆ మొన దాటి కనీసం రెండంగుళాలు పోవాలి. పోకపోతే ఏ పిన్నూ కాపాడదు. మొదటిదానికి మందుంది: అంచు లోపలి వైపు సన్నటి నాడా, అంచు పొడవుకన్నా అర అంగుళం తక్కువ తీసుకుని, ఛాతీ పక్కన వదులుగా ఉండే చోట బట్టను కొద్దిగా నొక్కి పడుతూ కుట్టండి. అంచు ఒంటికి అతుక్కుంటుంది. తర్వాత పొరలు కలిసే చోట ఒక ప్రెస్ బటన్.

బొత్తాల డ్రెస్సులో ఒక బొత్తం సరిగ్గా ఛాతీ నిండు గీత మీదే ఉండాలి. అక్కడి నుంచి పైకీ కిందికీ మిగతావి లెక్క వేసుకోవాలి. రెడీమేడ్‌లో ఆ గీత రెండు బొత్తాల నడుమ పడితే లోపల ప్రెస్ బటన్ కుట్టుకోండి.

రెండుసూదులు:

స్వెటర్ గురించి. ముందు వైపు లేవడం, వెనక స్కర్టు అంచు లేవడం ఒకే జాతి. ఛాతీ మీదుగా ఎక్కి దిగడానికి ముందు భాగం పొడవు చాలడం లేదు. చేత్తో అల్లేవారైతే మెడ పక్కన భుజం నుంచి నడుముకు ముందూ వెనకా కొలిచి తేడా చూడాలి. తేడా 2 అంగుళాలు, మీ అల్లికలో అంగుళానికి 7 వరసలు వస్తే 14 వరసలు ముందు భాగంలో మాత్రమే అదనం. పూర్తి వరస అల్లకుండా మధ్యలో తిరిగి వచ్చే పొట్టి వరసలుగా, పోనూ రానూ ఏడు జతలు. ఒక్కో జత ముందుదానికన్నా పక్కల నుంచి కొన్ని కుట్లు తక్కువ. ఇదంతా ఛాతీ నిండు గీతకు అంగుళం కిందే అయిపోవాలి, పైకి పోతే అక్కడ సంచి వేలాడినట్టుంటుంది.

కొనేటప్పుడు కింది అంచు చూడండి. బిగుతు రిబ్బు మీ ఒంటి మీద నిలవదు, సన్నటి చోటు వెతుక్కుంటూ నడుం వైపు ఎక్కి, పైన బట్టను ఉబ్బిస్తుంది. తుంటి ఎముక పైనే ఆగే పొట్టి స్వెటర్ గానీ, పక్కలు చీలి రిబ్బు లేకుండా నిటారుగా దిగే పొడుగుది గానీ తీసుకోండి. ఇప్పుడున్నది ఉన్నిదైతే తడిపి, నీళ్లు తువ్వాల్లో పిండి, రిబ్బును చదునుగా పరిచి అడ్డంగా 22 అంగుళాలకు లాగి పిన్నులు గుచ్చి ఆరనివ్వండి. ఆక్రిలిక్ అయితే దాని మీదికి ఆవిరి ఇస్త్రీ పోనివ్వకండి. వేడి తగిలితే సాగిన చోట అలాగే నీరసపడిపోతుంది, మళ్లీ బిగవదు.

మందం కూడా ముఖ్యం. లేబుల్ మీద 12 గేజ్ అని ఉంటే అల్లే యంత్రంలో అంగుళానికి 12 సూదులన్నమాట, సన్నటి అల్లిక. హాఫ్ సర్కిల్ స్కర్టులోకి దోపుకోవడానికి అదే మేలు. 3, 5 గేజ్ లావు అల్లికలు దోపుకుంటే నడుం మాయమవుతుంది, వాటిని పొట్టిగా, పైన వదిలేసి వేసుకోండి. భుజం కుట్టు భుజం ఎముక మీదే ఉండాలి. కిందికి జారిన భుజం వల్ల చంకలో బట్ట పోగై ఛాతీతో కలిసిపోతుంది.

నిట్ డ్రెస్సు (సాగే అల్లిక బట్టది) కొంటే బట్ట తిరిగి ముడుచుకుంటుందో లేదో చూడండి. 4 అంగుళాల బట్టను 5 దాకా లాగి వదిలేస్తే మళ్లీ 4కే రావాలి. నాలుగుంపావు దగ్గర ఆగిపోయిందంటే రెండు గంటలు కూర్చుని లేచేసరికి సీటు దగ్గర బుంగలు పడతాయి. పల్చటి జెర్సీకన్నా పాంటే లాంటి జంట అల్లిక మీకు నప్పుతుంది. ఉతికాక దేన్నీ దండెం మీద వేలాడదీయకండి, నీళ్ల బరువుకి పొడవు సాగుతుంది. చదునుగా పరిచి, ఛాతీ, నడుము కొలతలు టేపుతో సరిచూసి ఆరబెట్టండి.

గోరింట:

ఇప్పుడున్న స్వెటర్ ఉన్నిదే. ఈ రాత్రికే తడిపి 22కి పిన్నులు పెడుతున్నాను. చేతుల చివర ఉన్న రిబ్బుకీ ఇలాగే చేయాలా?

రెండుసూదులు:

అక్కర్లేదు, దాన్ని తడిశాక చేత్తో దగ్గరికి నొక్కి వదిలేయండి. మణికట్టు దగ్గర బిగుతుగా ఉంటేనే చెయ్యి పైకి మడిచినప్పుడు నిలబడుతుంది. పిన్నులు మాత్రం తుప్పు పట్టనివి వాడండి, మరక పడితే పోదు.