డిగ్రీలో ఆంధ్రప్రదేశ్ జాగ్రఫీ పేపర్ తీసుకోమంటారా? (మాది కోనసీమ)

లంకపిల్ల:
అందరికీ నమస్కారమండి. అమలాపురంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నా. ఈ సెమిస్టర్‌కి మెయిన్ సబ్జెక్టులు కాకుండా ఇంకో పేపర్ ఎంచుకోవాలి, లిస్టులో ఆంధ్రప్రదేశ్ జాగ్రఫీ ఉంది, నాకు అదే చదవాలనుంది. అన్నయ్యేమో కంప్యూటర్‌ది తీసుకో ఉద్యోగానికి పనికొస్తుంది అంటున్నాడు, నాన్నగారు "ఏటిగట్టు మీద పుట్టినదానివి, గోదారి గురించి కాలేజీలో చెప్పాలా" అంటున్నారు. మాది గోదారి పాయ వైనతేయ ఒడ్డున లంక ఊరు (నది మధ్య దిబ్బ మీద ఊరు). భద్రాచలంలో ఎన్ని అడుగులుందో టీవీలో చూసి మాకు ఎప్పటికి వస్తుందో ఊళ్ళో అందరూ లెక్క చెప్పేస్తారు, కానీ ఒక్కోసారి వరద ఒక్కరోజులో తీసేస్తది, ఒక్కోసారి వారమైనా కదలదు, ఎందుకలా అంటే ఎవరూ చెప్పరు. నాకు అది తెలుసుకోవాలనుంది. ఈ పేపర్ చదివినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, అంతా బట్టీయేనా? గ్రూప్స్‌కి పనికొస్తుందా?

సోషల్_మాస్టారు:
తీసుకోమ్మా. నేను డిగ్రీలో ఇదే చదివాను, ఇప్పుడు హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. ఈసారి మలికిపురం వైపో అల్లవరం వైపో వెళ్ళినప్పుడు ఒకటి గమనించు. సముద్రం వైపు పోతుంటే రోడ్డు కాస్త మెరకెక్కుద్ది, అక్కడ ఇళ్ళు, కొబ్బరి తోటలు, కాలు పెడితే ఇసక. తర్వాత పల్లం, బంకమన్ను, వరి చేలు. మళ్ళీ మెరక, మళ్ళీ ఇళ్ళు. ఇవి వరసలు వరసలుగా సముద్రానికి సమాంతరంగా ఉంటాయి, ఎందుకంటే ఆ మెరకలన్నీ ఒకప్పటి సముద్రపొడ్డులే. గోదారి తెచ్చిన ఇసకని అలలు ఒడ్డుకి నెట్టి దిబ్బ కట్టాయి, కొంతకాలానికి దాని ముందు ఇంకో దిబ్బ, అలా డెల్టా సముద్రంలోకి పెరుగుతూ పోయింది. దిబ్బ ఇసకలో వాన నీరు ఇంకి నిలబడుతుంది కాబట్టి అక్కడ బావి నీళ్ళు తియ్యగా ఉంటాయి, పక్క పల్లంలో బోరేస్తే ఉప్పు తగులుద్ది. ఊళ్ళు మెరక మీదే ఎందుకున్నాయో మన పెద్దలకి తెలుసు, ఆ మెరక ఎలా వచ్చిందో ఈ పేపర్లో తెలుస్తుంది. మా లెక్చరర్ గారు ఇది బోర్డు మీద గీసి చూపించినరోజు నుంచి నాకు మన ప్రాంతమే కొత్తగా కనిపించింది.

గ్రూప్2_ప్రిపరేషన్:
చెల్లీ, గ్రూప్స్ గురించి అడిగావు కదా. 2023 నోటిఫికేషన్‌లో గ్రూప్ 2 ప్రిలిమ్స్‌కి జాగ్రఫీ 30 మార్కులు, 150లో 30 అంటే తక్కువేం కాదు, అందులో ఏపీ జాగ్రఫీ కూడా కలిసే ఉంటుంది. కాకపోతే మనవైపు వాళ్ళకి రాష్ట్రమంటే కాలవ, వరి, కొబ్బరి అంతే, మిగతాది పట్టదు. అనంతపురంలో ఏడాదంతా కలిపినా వాన 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ, మనకి దాదాపు దానికి రెట్టింపు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసేసి ఖాళీగా వస్తాయి, మనలాగ అల్పపీడనాలూ అంతగా అందవు, అందుకే అక్కడ చెరువు చుట్టూనే బతుకు. ఆ ప్రాంతం అర్థమైతేనే మన కాలవ విలువ తెలుస్తుంది. ఇంకోటి, 2022 ఏప్రిల్లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి, సీనియర్ల పాత నోట్సు మాత్రం పట్టుకోకు.

సార్వా_దాళ్వా:
పై ఇద్దరూ చెప్పింది నిజమే కానీ నా మాట కూడా వినమ్మా, నేను రైతుని. పుస్తకంలో "సారవంతమైన డెల్టా" అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు, అది చదివి పాసైపోతే లాభం లేదు. 1847లో మొదలెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు, అది అందరూ చెప్తారు. నీళ్ళు పెట్టడం సగమే, పోవడం మిగతా సగం. మన నేలకి వాలు బొత్తిగా లేదు, డ్రెయిన్లు పూడిపోతే చేలో నీరు ఎటూ పోదు. 2011 సార్వాకి (వానాకాలం పంటకి) కోనసీమ రైతులు క్రాప్ హాలిడే, అంటే ఆ పంట వెయ్యమని, అన్నారంటే గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు కూడా ఒక కారణం. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి ఒకసారి వెళ్ళి చూడు, పోటుకి సముద్రపు నీరు పైకెక్కి తోటల్లో నిలబడిపోయి కొబ్బరి చెట్లు మొవ్వు ఎండి మొండాలు నిలబడి ఉన్నాయి, చూస్తే కడుపు తరుక్కుపోద్ది. పైన డ్యాములు పడ్డాక ఒండ్రు రావడం తగ్గింది, తీరం కోసుకుపోతోంది, ఉప్పాడ చూడు, అంతర్వేది చూడు. ఇవి చెప్పే మాస్టారుంటే కళ్ళు మూసుకుని చేరిపో, లేకపోతే నువ్వే అడిగి చెప్పించుకో.

సోషల్_మాస్టారు:
రైతుగారి మాటకి నూటికి నూరు మార్కులు. లంకపిల్ల అడిగిన అసలు ప్రశ్న మిగిలిపోయింది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, అవి వరసగా సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీరు). అంత నీరు మీదాకా వచ్చాక అది సముద్రంలో కలవాలిగా. అమావాస్య పౌర్ణముల్లో పోటు ఎక్కువ ఉంటుంది, ఆ రోజుల్లో వరద వస్తే మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర నీరు వెనక్కి తన్ని లంకల్లో నిలబడిపోద్ది. పోటు తక్కువున్న రోజుల్లో అదే వరద త్వరగా లాగేస్తది. పైనించి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఒకేసారి పొంగాయా, ఒకదాని తర్వాత ఒకటి పొంగాయా అనేది కూడా చూడాలి, ఒకదాని వెనక ఒకటి వస్తే మట్టం అంత ఎక్కకపోయినా ఎక్కువ రోజులు ఉంటుంది. మీ ఊళ్ళో 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఉంటారు, నీళ్ళు ఏ ఇంటి గోడకి ఎంతవరకు వచ్చాయో, ఎన్ని రోజులున్నాయో అడిగి రాసుకో, ఆ తేదీలకి తిథులు పక్కన పెట్టి చూడు. 2022 జులై వరదకి కూడా అలాగే చెయ్యి. ప్రాజెక్టు అడిగితే ఇదే ఇచ్చెయ్.

లంకపిల్ల:
మాస్టారూ చాలా థాంక్సండి, పోటు సంగతి చదవగానే నాన్నగారికి వినిపించాను, ఆయన 86లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అప్పుడే చెప్పడం మొదలెట్టారు. నేను ఫారం ఇచ్చేస్తున్నాను. మ్యాపు మీద గీసుకుందామంటే మా ఊరు వివరంగా ఉన్నది ఎక్కడ దొరుకుతుందండి? ఫోన్లో మ్యాపులో లంకలు సరిగ్గా లేవు.

గ్రూప్2_ప్రిపరేషన్:
సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిస్తే 1:50,000 స్కేలు మ్యాపులు దొరుకుతాయి చెల్లీ, కాలవలు, గట్లు, దిబ్బలు అన్నీ ఉంటాయి. పెద్ద సైజులో ప్రింట్ తీయించు, ఏ4లో అయితే ఏమీ కనపడదు.