సెక్యూర్ బూట్ ఆపకుండా ఎన్‌విడియా డ్రైవర్ లోడ్ అవ్వాలంటే?

నమస్తే అండి. హైదరాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డు ఎన్‌విడియా జీటీఎక్స్ 1650. విండోస్ 11 పక్కనే ఉబుంటు 24.04 లైనక్స్ వేశాను. సెక్యూర్ బూట్ (నమ్మకమైన కీతో సంతకం లేని డ్రైవర్లను ఆపే బయోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉంది. టెర్మినల్ నుంచి డీకేఎంఎస్ రకం (మన మెషీన్ మీదే బిల్డ్ అయ్యే) 535 డ్రైవర్ వేస్తుంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంది, పెట్టాను. రీస్టార్ట్ చేయగానే డ్రైవర్ కీని ఎన్‌రోల్ (నమోదు) చేసుకునే నీలం స్క్రీన్ వచ్చింది. నేను టీ గ్లాసు కింద పెట్టి వచ్చేలోపు 10 సెకన్లు అయిపోయి మామూలుగా బూట్ అయిపోయింది. తప్పు నాదే.

అప్పటి నుంచి మోడ్‌ప్రోబ్ (డ్రైవర్ లోడ్ చేసే కమాండ్) కొడితే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వస్తోంది. బ్లెండర్ (3డీ సాఫ్ట్‌వేర్) రెండరింగ్ మొత్తం సీపీయూ మీదే, ఫ్యాన్ మోత పక్క గదికి వినిపిస్తోంది.

డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి రెండుసార్లు మళ్లీ వేశాను. 550 కూడా చూశాను. ఆ నీలం స్క్రీన్ మాత్రం మళ్లీ రాలేదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపితే కార్డు భేషుగ్గా పనిచేస్తోంది, కానీ విండోస్‌లోకి వెళ్దామంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ లాక్) 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. ఆఫీసు పనంతా విండోస్‌లోనే, కాబట్టి ఆపి ఉంచలేను. ఇంటి దగ్గర షాపులో అడిగితే "లైనక్స్ తీసేయండి సార్" అన్నారు, అదో సలహా!

సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంచి, ఆ నీలం స్క్రీన్ మళ్లీ వచ్చి కీ ఎన్‌రోల్ అయ్యేలా చేయాలంటే ఏ కమాండ్ ఇవ్వాలి?