“పట్ట వెరపై”యా, “పట్టె వరసై”యా?

చంద్రగిరి అక్క: అన్నమయ్య ఉయ్యాల పాట “అలర చంచలమైన”లో “పదిలముగ వేదములు బంగారు చేరులై” తర్వాత ఏముందండీ? పుస్తకంలో “పట్ట వెరపై తోచె”. మా అవ్వ మాత్రం “పట్టె వరసై” అనేది. ఉయ్యాల బల్ల మీద కూర్చునే పాడేది కాబట్టి కొట్టిపారేయలేకుండా ఉండా.

శ్రీకాళహస్తి: అవ్వదే రైటు. మా నాయన వడ్రంగం చేసే ఆచారి. బల్ల అడుగున రెండు కొసల్లోనూ అడ్డంగా పట్టెలు వేస్తారు, గొలుసుల బరువు వాటి మీదికి పోవాల. ఉత్త పలకకి అంచులో బెజ్జం వేస్తే చార వెంబడి చీలిపోతుంది. చేరుల వెనకే పట్టె రావడం పని తెలిసినోడి మాట.

పుత్తూరు మాస్టారు: పని తెలిసింది, వ్యాకరణమే మిగిలింది నాయనా. కింది పాదం చూడు, “వర్ణింప నరుదాయె”. వర్ణించడానికి అరుదు, పట్టడానికి వెరపు. రెండూ ఒకే కట్టు. వేదాలు కదా, చేయి వేయాలంటే జంకు.

శ్రీకాళహస్తి: యతి ఏమంటుంది సార్?

పుత్తూరు మాస్టారు: పదిలముగకి పట్ట. “ట్ట” అయినా “ట్టె” అయినా యతికి పట్టింపు లేదు. ప్రాస నాలుగు పాదాల్లోనూ ద: ఉదయ, అదన, పదిల, వదల.

చిత్తూరు: యతిప్రాసలు పక్కన పెట్టండి. ఉదయాస్త శైలాలు కంభాలు, ఆకాశం అడ్డదూలం, వేదాలు చేరులు, ధర్మదేవత పీఠం. ముందు కంభాలు నిలబెట్టి, దూలం ఎక్కించి, చేరులు దించి, ఆఖరున బల్ల. ఉయ్యాల కట్టే వరసే! తాళ్ళపాక ఆయన వడ్రంగం దగ్గరుండి చూసినాడు, సందేహం లేదు.

తిరుపతి: కొండ మీద సాయంత్రం సహస్రదీపాలంకారంలో స్వామివారి ఊంజల్, అదే ఉయ్యాల సేవ, చూసినా చాలు. వడ్రంగం ఎందుకు?

చిత్తూరు: ఆ ఊంజల్ మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా అన్నా?

చంద్రగిరి అక్క: నా ప్రశ్న ఎక్కడికి పోయింది? అవ్వ బల్ల ఇంకా ఉంది. టేకు, ముందంచు గుండ్రంగా చిత్రిక పట్టినారు, ఎంతసేపు కూర్చున్నా మోకాళ్ళ వెనక కోసుకోదు. మొన్న కొన్న రెడీమేడ్ ఉయ్యాల గంటకే లేపేస్తుంది.

శ్రీకాళహస్తి: అక్కా, దాన్ని తిప్పి ఫోటో పెట్టు.

పుత్తూరు మాస్టారు: పెడితే బల్ల సంగతి తెలుస్తుంది, పాఠం సంగతి కాదు.

చంద్రగిరి అక్క: పెట్టినా. మూడు పట్టెలుండాయి.

శ్రీకాళహస్తి: నడిమిది తర్వాతెవరో కొట్టినారు, మేకులు కనబడతా ఉండాయి. కొసల్లోవి చూడు, మేకే లేదు, కూసం వేసి, అంటే చెక్కలోకి చెక్క దూరేట్టు చెక్కి, దిగ్గొట్టినాడు.