చప్పట్లు కొట్టకపోతే భక్తి లేనట్టేనా?

తార్నాక_పాతకాపు:
కీర్తనల పుస్తకం పట్టుకుని కదలకుండా నిలబడి పాడే చర్చిలో పెరిగాను. అత్తగారి వాళ్లది చేతులెత్తి, చప్పట్లు కొట్టి, ఏడ్చి ఆరాధించే సంఘం. పోయిన ఆదివారం భోజనాల దగ్గర మరదలు అడిగింది: "బావా, మీకసలు ఏమీ అనిపించదా?" ఒళ్లు మండింది. కానీ పాట ఎత్తుకోగానే ఏడ్చే మామగారిని చూసి "ఎవరు చూడాలని ఈ ఏడుపు" అని పదేళ్లుగా నేనూ లోపల అనుకుంటూనే ఉన్నా. మనం తూచేది ఎదుటివాళ్ల భక్తినా, స్వభావాన్నా?

లాల్‌దర్వాజా_పిల్ల:
బోనాలప్పుడు డప్పు మోగితే చాలు, మా పెద్దమ్మకు సిగం వస్తుంది, అంటే అమ్మవారు పూని ఊగిపోతుంది. నాకెప్పుడూ రాలేదు. నాకు బిర్లా మందిర్ ఇష్టం. ధ్యానానికి నిశ్శబ్దం ఉండాలని అక్కడ గంటలు పెట్టలేదు. పెద్దమ్మను ఒకసారి తీసుకెళ్తే, "గంటనే లేకపాయె, మనం వచ్చినట్టు సామికెట్ల తెలుస్తది?" అంది. ఆమె నటించదు. నేను పొగరుబోతునీ కాదు.

నైట్‌షిఫ్ట్_మియాపూర్:
స్వభావం పేరు చెప్పి అన్నీ మాఫీ చేయకండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకులు వద్దని 2000లోనే నిబంధనలు వచ్చాయి. మా వీధిలో వాటిని పట్టించుకోని మతం లేదు. ఇక కన్నీళ్లు పెట్టుకునే ముందు సెల్ఫీ వీడియో ఆన్ చేసేవాళ్లనేమనాలి?

తార్నాక_పాతకాపు:
మైకు సంగతి ఒప్పుకుంటా, నిద్ర పాడైనవాడు అడగాల్సిందే. కానీ మా మామగారిది బటన్ల ఫోను, వీడియో తీయడమే రాదు! బైబిల్లో సమూయేలు గ్రంథాలు చూడండి. హన్నా గొంతు పెగలకుండా పెదాలు మాత్రం కదుపుతూ ప్రార్థిస్తే, తాగి వచ్చిందనుకున్నాడు యాజకుడు ఏలీ. దావీదు రాజు మందసం (దేవుని పవిత్ర పెట్టె) ముందు నాట్యమాడితే, కిటికీలోంచి చూసి భార్య మీకాలు మనసులో హీనపరిచింది. ఒకరికి మౌనం తప్పుగా కనబడింది, ఇంకొకరికి గంతులు. ఏలీ మాత్రం హన్నా మాట విని, దీవించి పంపాడు. నేను మామగారిని ఒక్కసారీ అడగలేదు.

గోల్కొండ_గల్లీ:
అన్నా, స్వభావం అంటే సగమే చెప్పినట్టు. మా గల్లీలో సిగం ఊగేవాళ్లను "మోటు" అనేది ఎవరనుకున్నారు? అపార్ట్‌మెంట్లకు మారిన మా చుట్టాలే. వాళ్ల అమ్మలూ ఊగినవాళ్లే. స్వభావం ఒక్క తరంలో మారిందా? హోదా మారింది.

నైట్‌షిఫ్ట్_మియాపూర్:
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. మైకు మాట మాత్రం వదలను.

తార్నాక_పాతకాపు:
హోదా సంగతి నాకూ గుచ్చుకుంది. మా చర్చివాళ్లం "మేం పద్ధతిగా ఉంటాం" అంటాం కదా. అలవాటే అంతా అనుకుందామంటే, మరదలి ఆరేళ్ల కూతురు ఒకటి ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పట్ల మధ్యే పెరిగింది, అయినా కళ్లు మూసుకుని మూలన కూర్చుంటుంది. "చేతులెత్తవే" అని వాళ్లమ్మ మోచేత్తో పొడుస్తుంటుంది.

లాల్‌దర్వాజా_పిల్ల:
ఈ ఆదివారం ఆ పిల్ల పక్కన మీరు కూర్చోండి.