చాఫ్ వదిలినా మిస్సైల్ వెంటాడుతూనే ఉంది: స్పేస్ గేమ్‌లో లాక్ ఎలా పనిచేస్తుంది?

కావలి_కమాండర్:
అందరికీ నమస్కారం. నేను కొంతకాలంగా అంతరిక్ష నౌకను నడిపే గేమ్ ఎలీట్ డేంజరస్ ఆడుతున్నాను. లక్ష్యాన్ని తానే వెతుక్కుంటూ వచ్చే సీకర్ మిస్సైల్ వస్తోందన్న హెచ్చరిక వినబడగానే చాఫ్ వదిలి, దిశ మార్చకుండా పూర్తి వేగంతో దూరంగా వెళ్లిపోవడానికి ప్రయత్నిస్తాను. అయినా చాలా మిస్సైళ్లు వచ్చి తగులుతున్నాయి. యుద్ధ విమానాలు వదిలే చాఫ్ రాడార్‌ను మోసగించే లోహపు తునకలని చదివాను. మరి ఈ గేమ్‌లో మిస్సైల్ దేనిని చూసి వెంటపడుతుంది? గాలే లేని చోట చాఫ్, ఫ్లేర్ (వేడితో మిస్సైల్‌ను మోసగించే మంట) వంటివి విమానానికి పనికొచ్చినట్టే పనికొస్తాయా? తెలిసినవారు వివరించగలరు.

దర్గామిట్ట_పైలట్:
మీ మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నదే. ఎలీట్‌లో చాఫ్‌కూ మిస్సైళ్లకూ సంబంధం లేదు. గింబల్, టరెట్ తుపాకులు తమంతట తాము గురి పెట్టుకుంటాయి కదా, ఆ గురిని చెదరగొట్టడమే చాఫ్ పని. సీకర్ మిస్సైల్ చూసేది మీ నౌక వేడిని. కాబట్టి నౌక వేడిని పీల్చుకుని బయటికి పోయే హీట్ సింక్ వదిలి నౌకను చల్లబరిస్తే లాక్ (మీ మీద మిస్సైల్ గురి) నిలవడం కష్టమవుతుంది. వేడి బయటికి పోకుండా ఆపే సైలెంట్ రన్నింగ్ కూడా నౌకను దాచిపెడుతుంది కానీ, అది ఆన్ చేయగానే షీల్డ్‌లు పోతాయి. ఆ గేమ్‌లో మిస్సైళ్లు షీల్డ్‌ల మీద పెద్దగా ప్రభావం చూపవు, హల్‌ను (నౌక శరీరాన్ని) మాత్రం చీల్చివేస్తాయి. అందువల్ల మిస్సైల్ దగ్గరికి వచ్చేశాక సైలెంట్ రన్నింగ్‌కు వెళ్లడం నా దృష్టిలో మంచి ఆలోచన కాదు. డంబ్‌ఫైర్ రకానికి లాకే ఉండదు, అది వదిలిన దారిలోనే పోతుంది. దానికి పక్కకు తప్పుకోవడమే మందు.

ఒంగోలు_ఫిజిక్స్:
రెండో ప్రశ్న నాకు ఎక్కువ ఆసక్తికరంగా అనిపించింది. విమానం నుంచి వదిలిన చాఫ్ గాలి నిరోధం వల్ల క్షణాల్లో వేగం కోల్పోయి వెనుకబడుతుంది, విమానం ముందుకు సాగిపోతుంది. 1943లో హాంబర్గ్ మీద బ్రిటిష్ విమానాలు తొలిసారి వాడినప్పటి నుంచీ దాని ప్రభావమూ పరిమితీ ఇందులోనే ఉన్నాయి. అంత నెమ్మదిగా కదిలే తునకలను డాప్లర్ రాడార్ వేగాన్ని బట్టే విడదీసి పక్కన పెట్టగలదు. శూన్యంలో ఆ నిరోధం లేదు. వదిలిన తునక నౌక వేగంతోనే నౌక పక్కనే ప్రయాణిస్తుంది. ఖండాంతర క్షిపణులు అంతరిక్షంలో ఉండగా తేలికపాటి బెలూన్లను డికాయ్‌లుగా (నకిలీ లక్ష్యాలుగా) వదలగలిగేది ఇందువల్లనే; బెలూనూ వార్‌హెడ్డూ ఒకే దారిలో పోతాయి కాబట్టి ఏది అసలుదో తేల్చుకోవడం కష్టం, వాతావరణంలోకి దిగాకే తేలికైనవి వెనుకబడతాయి. న్యూటన్ సూత్రాలను గౌరవించే గేమ్‌లో మీరు డికాయ్ వదిలి నేరుగా పోతే అది మీ వెంటే వస్తుంది, మిస్సైల్ దాన్ని నమ్మి పేలినా మీ పక్కనే పేలుతుంది. వదిలిన వెంటనే దారి మార్చి థ్రస్ట్ ఇవ్వాలి.

ఎటు మార్చాలన్నది మిస్సైల్ గైడెన్స్‌ను బట్టి ఉంటుంది. జువ్వలదిన్నె వైపు సముద్రంలోకి వెళ్లేవారికి ఈ సంగతి కొత్త కాదు: ఎదుటి పడవ ఒకే కోణంలో కనిపిస్తూ, దూరం మాత్రం తగ్గుతూ ఉంటే ఢీకొనడం ఖాయం. మిస్సైల్ ఆ పరిస్థితినే కోరుకుంటుంది. లక్ష్యం కనిపించే కోణం ఎంత వేగంగా మారితే, దానికి సాధారణంగా మూడు నుంచి ఐదు రెట్ల వేగంతో తన దిశను తిప్పుకుంటుంది. కాబట్టి దానికి అడ్డంగా, దగ్గరికి వచ్చాక, ఒక్కసారిగా తిరిగితే అది చేయాల్సిన మలుపు దాని శక్తికి మించిపోవచ్చు. దూరంగా ఉండగానే తిరిగితే, అది తీరిగ్గా సర్దుకుంటుంది.

శూన్యంలో మిస్సైల్‌కు రెక్కలతో తిరిగే వీలుండదు, ప్రతి మలుపుకూ ఇంధనం కావాలి. శ్రీహరికోట నుంచి 2019 జనవరి 24న పీఎస్‌ఎల్‌వీ-సీ44 మోసుకెళ్లిన మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని అదే ఏడాది మార్చి 27న మిషన్ శక్తి అనే భారత క్షిపణి పరీక్షలో కూల్చినప్పుడు, దూసుకెళ్లిన వాహనం ఇన్‌ఫ్రారెడ్ సీకర్‌తో లక్ష్యాన్ని చూస్తూ థ్రస్టర్లతోనే దారి సరిచేసుకోవాల్సి వచ్చింది. ఆ ఉపగ్రహం తప్పించుకోవడానికి ప్రయత్నించలేదు; మీరు ప్రయత్నిస్తారు, తేడా అదే.

కావలి_కమాండర్:
ధన్యవాదాలు సార్. అయితే మిగతా గేమ్‌లలో కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా?

దర్గామిట్ట_పైలట్:
పూర్తిగా కాదండీ. స్టార్ సిటిజన్‌లో వేడిని చూసేవి, విద్యుదయస్కాంత ఉద్గారాన్ని చూసేవి, నౌక అడ్డుకోత పరిమాణాన్ని చూసేవి అని మూడు రకాల మిస్సైళ్లున్నాయి. అక్కడ డికాయ్ నకిలీ లక్ష్యంగా పనిచేస్తే, నాయిస్ (గందరగోళ సంకేతాల మేఘం) మిమ్మల్ని కప్పివేస్తుంది. ఈవ్ ఆన్‌లైన్ మరీ వేరు. పరిధిలో ఉంటే మిస్సైల్ తగలనే తగులుతుంది, కానీ పేలుడు వ్యాసార్ధం కంటే మీ సిగ్నేచర్ (నౌక ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్న కొలత) చిన్నదై, పేలుడు వేగం కంటే మీ వేగం ఎక్కువైతే నష్టం బాగా తగ్గిపోతుంది. అక్కడ చిన్న నౌకకు నేరుగా పరుగెత్తడమే రక్షణ.

మీ ఎలీట్ నౌక విషయానికి వస్తే, ఒక చాఫ్ తీసేసి ఆ స్థానంలో, దగ్గరికొచ్చే మిస్సైళ్లను కాల్చి కూల్చే పాయింట్ డిఫెన్స్ పెట్టండి. అయితే పై భాగంలో బిగించినది కింది నుంచి వచ్చే మిస్సైల్‌ను చూడలేదు, నౌక శరీరమే అడ్డు వస్తుంది. కాబట్టి ఏ యుటిలిటీ మౌంట్ (ఇలాంటి పరికరాలు బిగించే చోటు) ఎటు తిరిగి ఉందో నౌకకు పరికరాలు అమర్చే అవుట్‌ఫిటింగ్‌లో చూసుకుని బిగించండి, పోరులో ఆ వైపును మిస్సైల్‌కు చూపేలా నౌకను దొర్లించండి.